పడవ రాని నాలుగు రోజులు

మొన్న మా ఇంట్లో కిరాయికి ఉంటున్న పిల్లను హనుమకొండలో దవాఖానకు తీసుకెళ్లాను. ఆమెకు ఏడో నెల. తల్లి ఊళ్లో పత్తి ఏరుతూ రాలేకపోయింది, భర్తకు సెలవు దొరకలేదు, నేను ఖాళీగానే ఉన్నాను కాబట్టి ఆటో ఎక్కించుకుని వెళ్లాను. డాక్టరమ్మ ఆ పిల్ల కాలి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కింది. వేలు తీశాక కూడా సొట్ట అలాగే నిలబడిపోయింది.

"బీపీ మస్తు పెరిగింది. ఇగ ఉప్పు బంద్ చెయ్యాలె. తొక్కులు, అప్పడాలు ముట్టొద్దు," అని, నా వైపు తిరిగి, "అత్తమ్మనా మీరు? జర దగ్గరుండి చూసుకోండ్రి," అంది డాక్టరమ్మ.

బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఉప్పు మానెయ్యమని ఇలాగే ఒకరు చెప్పగా నా పదో ఏట విన్నాను. చెప్పింది మా చిన్నమ్మకు. చిన్నమ్మ మానేసింది కూడా. కూరలో మానేసింది, చారులో మానేసింది. ఆ ఊళ్లో నీళ్లలో ఉన్న ఉప్పును ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మాది స్టేషన్ ఘన్‌పూర్ పక్కన ఒక పల్లె. ఆ ఏడు మాకు వానలు పడలేదు. ఆకేరు వాగులో మోకాలి లోతు గుంట తవ్వినా తడి ఇసుక తప్ప ఏమీ వచ్చేది కాదు. పొద్దున మక్కజొన్న రవ్వ ఉడికించిన గట్క, రాత్రికి అదే గట్క, నంజుకోవడానికి చింతపండు, ఎండుమిరప నూరిన తొక్కు. ఆ తొక్కు వాసన ఇప్పుడు తగిలినా నాకు ఆకలే గుర్తొస్తుంది.

చిన్నమ్మ మా అమ్మకు ఒక్కతే చెల్లెలు. డోర్నకల్‌లో రైలు పట్టాల పనికి వచ్చిన ఒక కోస్తా మనిషికి ఆమెను ఇచ్చారు. కొన్నాళ్లు అక్కడే కాపురం ఉన్నారు. తర్వాత ఆయన అన్న చచ్చిపోతే, ఉన్న కాస్త పొలాన్ని, ముసలి తల్లిని చూసుకోవడానికి చిన్నమ్మను తీసుకుని సొంత ఊరికి వెళ్లిపోయాడు. కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా ఉన్న ఊరు అది. ఆ చోటును వాళ్లు మొగ అంటారు.

చిన్నమ్మ తొలి కాన్పు మా ఇంట్లోనే అయింది. కొడుకు. మళ్లీ నెల తప్పిందని ఉత్తరం వచ్చినప్పుడు, రెండోదానికీ తెచ్చుకుందామని అమ్మ అంది.

"తెచ్చి ఏం పెడ్తవ్ దానికి? గట్కనా?" అన్నాడు బాపు. "ఆడ్నే ఉండనియ్. అది నీళ్లల్ల ఉన్న ఊరు, వరి పండే ఊరు. మన పిల్లనే ఆడికి తోలుదాం. చిన్నమ్మకు చేతికింద ఉంటది, బుక్కెడు బువ్వ తింటది."

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది తప్ప ఎదురు చెప్పలేదు. అలా చిన్నాయన వచ్చి నన్ను వెంట తీసుకెళ్లాడు.

రైలు డోర్నకల్‌లో ఆగినప్పుడు తను పనిచేసిన పట్టాలను చిన్నాయన వేలుపెట్టి చూపించాడు. బెజవాడలో దిగి బస్సెక్కాం. ఎటు చూసినా పచ్చగా పొలాలు, నిండుగా కాలవలు. అంత నీరు ఒక్కచోట నేను అంతకుముందు చూడలేదు. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి నవ్వుతూనే ఉన్నాను. సాయంత్రానికి పచ్చదనం పలచబడింది. రేవులో పడవెక్కి అవతలి ఒడ్డున దిగేసరికి నేల తెల్లగా, సున్నం చల్లినట్టు ఉంది. బురద వాసన, ఎండుచేపల వాసన, మడచెట్ల కింద కుళ్లిన ఆకుల వాసన కలిసి ముఖాన కొట్టాయి.

ఇంట్లో అడుగు పెట్టగానే దాహమేసి, వాకిట్లో ఉన్న కుండలోంచి చెంబు ముంచుకుని గటగటా నోట్లో పోసుకున్నాను. అంతా బయటికి ఊసేశాను.

"ఏంటే ఊశావు? మీ ఊళ్లో బావులు చెరుకురసం పోస్తాయా?" అంది అరుగు మీద కూర్చున్న ముసలామె. ఆమె చిన్నాయన తల్లి. కళ్లు మసకబారాయి, చప్పుడును బట్టి మనుషులను పట్టేది. నేను ఆమెను మామ్మా అని పిలిచాను.

లోపల్నుంచి చిన్నమ్మ వచ్చి నన్ను దగ్గరకు తీసుకుంది. ఆరో నెల కడుపు నాకు అడ్డం తగిలింది. "అలవాటైతది బిడ్డా," అని చెవిలో అంది.

అలవాటు కాలేదు. ఆ నీళ్లతో పప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉండేది. టీ పెడితే పాలు విరిగిపోయేవి. సబ్బు ఒంటికి రాసుకుంటే నురగ రాదు, జిడ్డులాగా అంటుకుని చెక్కులు కడుతుంది. ఇత్తడి చెంబులకు పచ్చటి చిలుము పట్టేది. ఊళ్లో ఒక గేదె ఉండేది, తొట్టి దగ్గరకు తోలితే నీళ్లను వాసన చూసి తల పక్కకు తిప్పుకునేది, మళ్లీ దాహానికి తాళలేక తాగేది.

బావిలో నీళ్లు తోడడం మామ్మ నాకు నేర్పింది. "చేద లోతుగా ముంచమాక. పైన తేలేదే కాస్త నయం. అడుక్కి పోతే సముద్రమే," అనేది. చేదను నీళ్ల మీద పడుకోబెట్టినట్టు పక్కకు వాల్చి, పైపైన నింపుకోవాలి. మా ఊళ్లో నీళ్లు లేక లోతుకు తవ్వేవాళ్లం. ఇక్కడ లోతుకు పోవడమే భయం.

చిన్నమ్మ అందరితో వాళ్ల మాటే మాట్లాడేది. వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం మా మాట బయటికొచ్చేది. చింతచిగురు గురించి, సర్వపిండి గురించి, బతుకమ్మ నాడు వాగు ఒడ్డున ఎవరెవరు ఏ చీర కట్టారో దాని గురించి అడిగిందే అడిగేది. "నీతోని మాట్లాడుతాంటే నా నోరు మనింటికి పోయొచ్చినట్లుంటది," అనేది. నేను "గట్ల", "గిట్ల" అంటే వీధిలో పిల్లలు వెక్కిరించేవాళ్లు. చిన్నమ్మ మూడేళ్ల కొడుకు మాత్రం నా వెనకే తిరుగుతూ "గత్లా, గిత్లా" అని పాడేవాడు.

ఒకరోజు చిన్నాయన నన్ను పొలానికి తీసుకెళ్లాడు. వరి పొట్టకొచ్చే రోజులు. దూరం నుంచి పండినట్టు పసుపుపచ్చగా కనపడితే, కోతకొచ్చిందా అని అడిగాను. ఆయన ఒక దుబ్బు పీకి నా చేతికిచ్చాడు. ఆకుల కొనలు నిప్పు తగిలినట్టు కాలిపోయి ఉన్నాయి. వేళ్లకు తెల్లటి పూత. కాలవలో మంచినీటి చేపలు వెల్లకిలా తేలి ఉబ్బిపోయి ఉన్నాయి, వాటి పక్కనే గాజుముద్దల్లాంటివి ఏవో కదులుతున్నాయి. అవి సముద్రంలో ఉండేవని, అంత లోపలికి రావడం తను పుట్టాక చూడలేదని చిన్నాయన చెప్పాడు. ఒక్క కప్ప అరుపు కూడా వినపడలేదు.

"మీ ఆకేరు పోయి మున్నేట్లో కలుస్తది, మున్నేరు కృష్ణలో," అన్నాడు గట్టు మీద కూర్చుని. "ఆ నీళ్లన్నీ ఇట్టా వచ్చి సముద్రాన్ని అవతలికి నెట్టాల. ఈ ఏడు మీ వైపు వానల్లేవు. పైన ఆనకట్టల్లో ఉన్న చుక్క వదలరు. నెట్టేది లేకపోతే అది లోపలికి రాదా మరి?"

మొగకు ఇంకాస్త దగ్గరగా, బయటి నుంచి వచ్చినవాళ్లెవరో పొలాలు తీసుకుని రొయ్యల చెరువులు తవ్వారు. మోటార్లతో ఉప్పునీళ్లు తోడి నింపేవారు. ఆ ఊట పక్క పొలాల్లోకి దిగేది. చిన్నాయన ఆ మోటార్ల చప్పుడు వింటూ కూర్చునేవాడు తప్ప ఎవరినీ తిట్టలేదు. అడిగిన వాళ్లకు, "మా వంతు కూడా వస్తదిలే," అనేవాడు.

తాగే నీళ్లు పడవలో వచ్చేవి. నదికి ఎగువన లాకులున్నాయి, అక్కడి కాలవలో మంచినీళ్లుంటాయి. ఒక ముసలి పడవవాడు మూడు రోజులకోసారి అక్కడ నింపుకొచ్చి ఇంటికి ఒక్క బిందె చొప్పున పోసేవాడు. పడవ కనపడగానే ఊరంతా రేవుకు ఉరికేది. మా ఇంటి బిందె వంటింటి మూలన, మూత మీద రాయి పెట్టి ఉండేది. అది చిన్నమ్మకు, పిల్లవాడికి. మామ్మ ఒక్క గుక్క కూడా ముట్టేది కాదు. "నేను ఉప్పు తిని బతికినదాన్ని, నాకేం కాదు," అని బావినీళ్లే తాగేది.

చిన్నమ్మ కాళ్లు వాచడం మొదలైంది. పొద్దున వదులుగా ఉన్న మెట్టెలు సాయంత్రానికి వేళ్లలో దిగబడిపోయేవి. పక్క ఊరి నుంచి నర్సమ్మ వచ్చి చేతికి పట్టీ కట్టి చూసి, ఉప్పు మానెయ్యమంది. ఆ రోజు నుంచి మామ్మ కూరల్లో ఉప్పు వెయ్యడం మానేసింది. నర్సమ్మ వెళ్లాక, "ఎసట్లో ఉన్నదాన్ని ఏం చెయ్యనే తల్లీ," అని పొయ్యి ముందు కూర్చుని తనలో తనే అనుకుంది.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

రెండు నెలలు ఉప్పునీళ్లతో తలంటుకునేసరికి నా జుట్టు తాడులా బిరుసెక్కి అట్టలు కట్టింది. దువ్వెన దిగేది కాదు. వీధిలో పిల్లలు నన్ను ఎండుచేప అని పిలిచేవాళ్లు. మర్నాడు పక్కింట్లో ఏదో వేడుక ఉంది, పిల్లలందరూ పూలు పెట్టుకుంటారు. మిట్టమధ్యాహ్నం మామ్మ అరుగు మీద కునుకు తీస్తోంది. చిన్నమ్మ పిల్లవాడిని చంకనేసుకుని చిన్నాయనకు అన్నం పట్టుకెళ్లింది. పడవ ఆ పొద్దున్నే వచ్చి వెళ్లింది, బిందె నిండుగా ఉంది.

కొన్ని కుంకుడుకాయలు చితక్కొట్టి, బిందెను దొడ్లోకి ఈడ్చుకెళ్లాను. ముందు రెండు చెంబులే అనుకున్నాను. కుంకుడు రసం తగలగానే నురగ లేచింది. తల మీద నుంచి మెడ మీదికి, వీపు మీదికి తెల్లగా, మెత్తగా నురగ. రెండు నెలలుగా ఒంటిని పట్టిన ఆ జిడ్డు కరిగిపోయింది. కళ్లు మూసుకుని పోసుకుంటూనే ఉన్నాను. అబద్ధమెందుకు, అంత హాయి నాకు మళ్లీ ఏ స్నానంలోనూ దొరకలేదు. కళ్లు తెరిచేసరికి బిందె అడుగు కనపడుతోంది.

గబగబా బావిలోంచి నీళ్లు తోడి, చేద పైపైనే ముంచి, బిందె నింపాను. మూలన పెట్టి మూత వేసి రాయి పెట్టాను.

చిన్నమ్మ ఎండన పడి వచ్చి, గ్లాసు ముంచుకుని నోటికి పెట్టుకుంది. ఒక్క గుక్క మింగి ఆగింది. తల తిప్పి నన్ను చూసింది. నా జుట్టు ఇంకా తడిగానే ఉంది. నేను గోడకు అతుక్కుపోయాను. ఆమె గ్లాసులో మిగిలిన నీళ్లు కూడా తాగేసి, గ్లాసు బోర్లించింది.

సాయంత్రం పిల్లవాడి పాలల్లో ఆ నీళ్లు కలిపేసరికి పాలు విరిగాయి. మామ్మ వేలు ముంచి నాలికకు రాసుకుంది. "ఇవి మంచినీళ్లు కాదే!" అని కేకేసింది.

"నా చెయ్యి జారిందండీ అత్తయ్యా," అంది చిన్నమ్మ. "మీరు తిడతారని బావివి పోసి పెట్టాను."

"కడుపుతో ఉన్నదానివి, నీకోసమే కదే దాచేది! నీకు బుద్ధుందా?" మామ్మ చాలాసేపు తిట్టింది. చిన్నమ్మ తల వంచుకుని విరిగిన పాలు వడగడుతూ కూర్చుంది. నేనే చేశానని నేను చెప్పలేదు. పదేళ్లదాన్ని, పిరికిదాన్ని.

దీపాలు పెట్టే వేళ చిన్నమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వింది. చిక్కు ఒక్కటి లేదు. వేళ్లతో పాయలు తీస్తూ, "మంచిగుంది బిడ్డా నీ జుట్టు. అచ్చం మా అక్క జుట్టే," అంది. నేను ఏడ్చాను. "ఇగ చాల్తియ్. పడవ వస్తది కదా," అంది.

పడవ రాలేదు. లాకుల దగ్గర కాలవ కట్టేశారట, పై ఊళ్ల వంతు నడుస్తోందట. రావలసిన రోజు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు, నాలుగో రోజు ఊరంతా రేవులో నిలబడి ఎదురుచూసి వెనక్కి వచ్చింది. నేను బిందె ముందే ఖాళీ చెయ్యకపోతే పొదుపుగా కొన్నాళ్లు గడిచేవేమో. చిన్నమ్మ బావినీళ్లే తాగింది. ఐదో రోజున పడవ వచ్చింది గానీ, అప్పటికి ఆమె ముఖం కూడా ఉబ్బింది. కళ్లు గీతల్లా అయ్యాయి. తలనొప్పి అని నుదుటికి గుడ్డ బిగించి కట్టుకునేది. ఒకసారి నన్ను పట్టుకుని, "కండ్లముందట మిణుగురులు తిరిగినట్లు కనబడుతాంది," అంది.

అది జరిగాక ఇంకో వారం గడిచి ఉంటుంది. పొద్దున్నే చిన్నమ్మ పొయ్యి దగ్గర పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోటి వెంట నురగ. చిన్నాయన ఆమెను రెండు చేతుల్లో ఎత్తుకుని రేవుకు పరిగెత్తాడు. అదృష్టమో ఏమో, నీళ్లు పోసి వెళ్లబోతున్న పడవ రేవులోనే ఉంది. ఖాళీ పీపాలను ఒడ్డుకు విసిరేసి చోటు చేశారు. పిల్లవాడిని పట్టుకుని మామ్మ ఇంట్లో ఆగిపోయింది. చిన్నమ్మ తల ఒళ్లో పెట్టుకోవడానికి నన్ను ఎక్కించారు.

దవాఖాన లాకులు దాటాక ఉంది. ఆటు మొదలైన సమయమది, నీరు సముద్రం వైపు లాగుతోంది. పడవవాడు, చిన్నాయన చెరో గెడ పట్టుకుని ఎదురు తోస్తున్నారు. పడవ కదులుతోందో లేదో ఒడ్డున చెట్లను చూస్తే గానీ తెలిసేది కాదు.

కొంతసేపటికి చిన్నమ్మ కళ్లు తెరిచింది. "నీళ్లు," అంది.

తొందరలో ఎవరూ నీళ్లు తేలేదు. చిన్నాయన గెడ వదిలేసి వంగి, దోసిటితో నదిలోంచి తీసి నాలికకు తగిలించుకున్నాడు. ఊసేశాడు. "ఉప్పు," అన్నాడు. ఇంకాస్త దూరం పోయాక మళ్లీ ముంచాడు. "ఉప్పే." చిన్నమ్మ నా వేళ్లు పట్టుకుని, "జరన్ని నీళ్లు బిడ్డా," అంటోంది. పడవవాడు చెమట కారుతుంటే గెడ వేస్తూ, "ఆ తాళ్ల వరస దాటితే తియ్యబడతయ్యి బాబూ, ప్రతి ఏడూ అక్కడ తియ్యగానే ఉంటయ్యి," అన్నాడు. తాళ్ల వరస దాటాం. చిన్నాయన ముంచాడు. ఊసేశాడు. ఆ తర్వాత ఆయన ముంచడం చూశాను గానీ, ఏమీ అనడం వినలేదు.

చిన్నమ్మకు మళ్లీ మూర్ఛ వచ్చింది. తర్వాత ఒళ్లు వదిలేసింది. నా ఒళ్లో తల బరువెక్కింది. నిద్రపోయిందనుకుని నేను కదలకుండా కూర్చున్నాను. పడవవాడు గెడ ఆపేసి తలగుడ్డ తీసేసినప్పుడు అర్థమైంది. కడుపులో బిడ్డ కూడా ఆమెతోనే పోయింది.

పడవ అలాగే లాకుల దాకా వెళ్లింది. అక్కడ చిన్నాయన కాలవలోకి దిగి, దోసెడు మంచినీళ్లు తెచ్చి ఆమె నోట్లో పోశాడు. అవి పెదవుల పక్కనుంచి నా లంగా మీదికి కారిపోయాయి.

కర్మలయ్యాక బాపు నన్ను తీసుకెళ్లడానికి వచ్చాడు. బయల్దేరే ముందు నేను మామ్మ దగ్గరకు వెళ్లి, బిందె సంగతి చెప్పేశాను.

"కళ్లు పోతే ముక్కు కూడా పోయిందనుకున్నావా?" అంది మామ్మ. "ఆ రోజే ఇల్లంతా కుంకుడు వాసన. నిన్నేమీ అనొద్దని నా చెయ్యి పట్టుకుని బతిమాలింది ఆ పిచ్చిది. అందుకని దాన్నే తిట్టాను." ముఖం పక్కకు తిప్పుకుని, "పోవే. మళ్లీ ఈ ఊరు రామాక," అంది.

నేను మళ్లీ వెళ్లలేదు. రెండేళ్లకు చిన్నాయన పొలం చెరువులకు ఇచ్చేసి, కొడుకును తీసుకుని వరంగల్ వచ్చి రైసు మిల్లులో పనికి కుదిరాడు. మామ్మ రానంది, అక్కడే పోయింది. ఆ వీధి, ఆ బావి, ఆ దొడ్డి ఇప్పుడు లేవని, అంతా చెరువులేనని చిన్నాయన బతికున్నప్పుడు చెప్పాడు. ఇక్కడికొచ్చాక ఆయన ఎప్పుడూ నది మాట ఎత్తలేదు.

తమ్ముడు, అంటే ఆ మూడేళ్ల పిల్లవాడు, మా అమ్మ చేతుల్లోనే పెరిగాడు. ఇప్పుడు వాడికీ తల నెరిసింది. వాళ్లమ్మ గురించి అడిగినప్పుడల్లా తల దువ్వడం గురించి చెప్పాను, సర్వపిండి గురించి చెప్పాను. బిందె గురించి చెప్పలేదు. మొన్న దవాఖాన నుంచి ఆ పిల్లను ఇంట్లో దింపి, అదే ఆటోలో నేరుగా వాడి ఇంటికి వెళ్లాను. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఒక్క బిందె నీళ్లతో అంత జరగదని నాకు ఇప్పుడు తెలుసు, అయినా చెప్పాను.

వాడు నేల చూస్తూ విన్నాడు. తర్వాత తలెత్తి అడిగాడు.

"మరి ఆ నాలుగు దినాలు నేనేం తాగిన అక్కా?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. చిన్నమ్మ ప్రతి పొద్దునా వీధి చివరి ఇంటికి వెళ్లి, వాళ్ల బిందెలోంచి ఒక చెంబెడు మంచినీళ్లు అడిగి తెచ్చేది. కడుపుతో ఉన్నదానివి నువ్వు తాగమని వాళ్లిస్తే, ఇంటికొచ్చి వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, చివరి చుక్క దాకా వాడికే పట్టేది.

"యాదికి లేదు తమ్మీ," అన్నాను.